స్ప్లిట్‌తో క్వెరీ పారామీటర్లు చదువుతుంటే కొన్ని లింకుల్లోనే తేడా వస్తోంది

ప్రశ్న – లిపిక_07

సర్వర్ కోడ్ లేని స్టాటిక్ పేజీ. అడ్రస్ చివర ?వెతుకు=కుర్చీ&రంగు=ఎరుపు&రంగు=నీలం&పేజీ=2 అని వస్తుంది. జావాస్క్రిప్ట్‌తో ఆ క్వెరీ పారామీటర్లను, అంటే పేరు=విలువ జతలను, చదివి లిస్టును ఫిల్టర్ చేయాలి.

ఇప్పుడున్న పద్ధతి: లొకేషన్.సెర్చ్ తీసుకుని, ముందున్న ప్రశ్నార్థకం కోసేసి, & దగ్గర ఒకసారి, = దగ్గర ఇంకోసారి స్ప్లిట్ చేసి, విలువను డీకోడ్‌యూఆర్ఐకాంపొనెంట్‌కు (% కోడ్‌లను తిరిగి అక్షరాలుగా మార్చే ఫంక్షన్) ఇచ్చి ఆబ్జెక్ట్‌లో పెట్టడం. చాలా లింకులకు బాగానే నడుస్తోంది. కానీ ఫారం నుంచి వస్తే "చెక్క కుర్చీ" కాస్తా "చెక్క+కుర్చీ" అవుతోంది. రెండు రంగుల్లో చివరిదే మిగులుతోంది. == తో ముగిసే టోకెన్‌కు (గుర్తింపు కోడ్‌కు) ఆ తోక ఊడిపోతోంది. "100%" అని చేత్తో టైప్ చేసిన లింకుకైతే యూఆర్ఐఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతోంది. ఒక్కోదానికీ ఒక్కో రీప్లేస్ రాయడం తప్ప దారి లేదా?

జవాబు – తెరచాప

రీప్లేస్‌లు వద్దండి, ఆ ఫంక్షన్ మొత్తం తీసేయండి. ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నిటిలో క్వెరీని విడగొట్టి చదివే యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్ ఉంది. దానికి లొకేషన్.సెర్చ్ ఇస్తే చాలు, ముందున్న ప్రశ్నార్థకాన్ని అదే వదిలేస్తుంది. పూర్తి అడ్రస్ (లొకేషన్.హెచ్‌రెఫ్) మాత్రం ఇవ్వకండి. ప్రశ్నార్థకం దాకా ఉన్న అడ్రసంతా మొదటి పారామీటర్ పేరులో కలిసిపోతుంది, మిగతావి సరిగ్గానే వస్తాయి. అందుకే ఈ తప్పు ఓ పట్టాన దొరకదు.

ఫారం ఖాళీ జాగాను + గా పంపుతుంది. డీకోడ్‌యూఆర్ఐకాంపొనెంట్‌కు ఆ సంగతి తెలియదు, యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్‌కు తెలుసు. = దగ్గర అది ఒక్కసారే, మొదటి గుర్తు దగ్గరే విడగొడుతుంది కాబట్టి టోకెన్ తోక పోదు. ఒంటరి % కనిపిస్తే ఎర్రర్ ఇవ్వదు, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది.

రంగులకు గెట్ కాదు, గెట్‌ఆల్ వాడండి. గెట్ మొదటి విలువనే ఇస్తుంది. ఆబ్జెక్ట్.ఫ్రమ్‌ఎంట్రీస్‌తో ఆబ్జెక్ట్‌గా మార్చారా, మళ్లీ చివరి రంగే మిగులుతుంది. మొదటికొస్తారు.

గెట్ ఇచ్చిన విలువను మళ్లీ డీకోడ్ చేయకండి. పాత కోడ్ నుంచి ఆ లైను అలవాటుగా వచ్చేస్తుంటుంది. లింకులో "100%25" అని సరిగ్గా ఉన్నా, గెట్ దాన్ని "100%" చేసి ఇస్తుంది. రెండో డీకోడ్‌కు మళ్లీ అదే యూఆర్ఐఎర్రర్.

లిపిక_07

మార్చాను, నాలుగూ పోయాయి. థాంక్సండీ. కానీ కొత్తవి రెండు: "సి++" అని వెతికే లింకులో "సి" ఒక్కటే కనిపిస్తోంది. అడ్రస్‌లో పేజీ అన్నదే లేకపోయినా నంబర్ ఫంక్షన్‌లో వేస్తే 0 వస్తోంది.

జవాబు – తెరచాప

మొదటిది చదివే వైపు తప్పు కాదు, లింకు తయారుచేసే వైపుది. అడ్రస్‌లో + అలాగే ఉంటే దానర్థం ఖాళీ జాగా. మీకు వస్తున్నది "సి", దాని వెనక రెండు ఖాళీలు. నిజమైన + కావాలంటే అది %2బి గా వెళ్లాలి. లింకును స్ట్రింగులు అతికించి కాకుండా యూఆర్ఎల్ ఆబ్జెక్ట్‌లోని సెర్చ్‌పారామ్స్.సెట్‌తో కట్టండి, ఎన్‌కోడింగ్ అదే చూసుకుంటుంది. ఎన్‌కోడ్‌యూఆర్ఐ ఇక్కడ పనికిరాదు, +, &, = మూడింటినీ ముట్టుకోదు.

రెండోది: పారామీటర్ లేకపోతే గెట్ నల్ ఇస్తుంది. పేరుండి విలువ లేకపోతే ఖాళీ స్ట్రింగ్. నంబర్ ఈ రెండింటినీ 0 చేస్తుంది. పార్స్‌ఇంట్ ఇంకో రకం, "2వ" ఇచ్చినా 2 అంటుంది. స్ట్రింగ్‌లో అంకెలే ఉన్నాయని ముందు రెగెక్స్‌తో (అక్షరాల నమూనాతో) చూసుకుని, అప్పుడు నంబర్‌గా మార్చి, 1 నుంచి ఆఖరి పేజీ లోపు ఉందో లేదో చూడండి. కాకపోతే 1 అనుకోవడమే. "ఫాల్స్" అని వచ్చినా అది స్ట్రింగే కాబట్టి ఇఫ్‌లో నిజమే అవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

జవాబు – గడి_గళ్ళు

వెతికిన మాటను "ఫలానా దానికి ఫలితాలు" అని పేజీలో చూపిస్తుంటే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడకండి, టెక్స్ట్‌కంటెంట్ వాడండి. ఆ విలువ లింకు పంపినవాళ్ల చేతిలో ఉంటుంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పెట్టిన స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు కదా అనుకోవద్దు, ఇమేజ్ ట్యాగ్‌కు ఆన్‌ఎర్రర్ తగిలిస్తే నడుస్తుంది. ఆ టోకెన్ లాగిన్‌కు సంబంధించినదైతే అసలు క్వెరీలోనే పెట్టకూడదు: బ్రౌజర్ హిస్టరీలోనూ సర్వర్ లాగుల్లోనూ మిగిలిపోతుంది.

జవాబు – నీటిరంగు

ఒకటి ఎవరూ అనలేదు. హ్యాష్ రౌటింగ్ ఉంటే, అంటే అడ్రస్‌లో # ముందుండి ప్రశ్నార్థకం దాని తర్వాత వస్తే, లొకేషన్.సెర్చ్ ఖాళీగా ఉంటుంది. బ్రౌజర్ లెక్కలో # తర్వాతిదంతా ఫ్రాగ్మెంటే. లొకేషన్.హ్యాష్‌లో ప్రశ్నార్థకం తర్వాతి ముక్కను కోసి యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్‌కు ఇవ్వాలి.

తెలుగు విలువల పొడవు కూడా చూసుకోండి. బ్రౌజర్ అడ్రస్ పట్టీలో తెలుగే చూపించవచ్చు, లోపల మాత్రం ఒక్కో యూనికోడ్ సంకేతం 3 బైట్లు, అంటే 9 గుర్తులు. "కుర్చీ"లో గుణింతం, పొల్లు కలిపి 6 సంకేతాలు, మొత్తం 54 గుర్తులు. ఫిల్టర్లకు తెలుగు పేర్ల బదులు చిన్న కోడ్‌లు పెడితే లింకు పొట్టిగా ఉంటుంది.

లిపిక_07

హ్యాష్ లేదండి. ఫిల్టర్ మార్చినప్పుడు పేజీ రీలోడ్ కాకుండా అడ్రస్ మారాలంటే?

జవాబు – తెరచాప

లొకేషన్.సెర్చ్‌కు విలువ ఇస్తే రీలోడ్ తప్పదు. హిస్టరీ.పుష్‌స్టేట్ వాడండి. వెనక్కి బటన్‌కు ప్రతి ఫిల్టరూ ఒక అడుగు కాకూడదంటే రీప్లేస్‌స్టేట్. ఈ రెండూ పాప్‌స్టేట్ ఈవెంట్ ఇవ్వవు కాబట్టి, లిస్టు గీసే ఫంక్షన్‌ను వాటి తర్వాత మీరే పిలవాలి. వెనక్కి నొక్కినప్పటి కోసం అదే ఫంక్షన్‌ను పాప్‌స్టేట్‌కూ తగిలించండి.