ఫారం నింపినవాళ్లకి కన్ఫర్మేషన్ మెయిల్ పోవట్లేదు, లాగ్‌లో మాత్రం 250 ఓకే (మెయిల్ తీసుకున్నానని సర్వర్ చెప్పే కోడ్)

వెబ్‌సైట్‌లో ఫారం సబ్మిట్ కొట్టగానే నింపినవాళ్లకి "మీ వివరాలు అందాయి" అని ఆటోమేటిక్‌గా మెయిల్ పోవాలి. మా డొమైన్ అడ్రస్ ఇస్తే రెండు సెకన్లలో వచ్చేస్తోంది, బయటి అడ్రస్ ఇస్తే ఇన్‌బాక్స్‌లో లేదు, స్పామ్‌లో లేదు, బౌన్స్ (మెయిల్ అందలేదని తిరిగొచ్చే మెయిల్) కూడా రావట్లేదు.

మొదట పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ వాడా, అది తీసేసి పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీతో ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ సర్వర్ ద్వారా పంపే పద్ధతి) పెట్టా, పోర్ట్ 587, స్టార్ట్‌టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది), లాగిన్ అవుతోంది. ఫ్రమ్‌లో నింపినవాళ్ల అడ్రస్సే పెట్టేశా ముందు (నా తెలివి అంత), అది మార్చి మా డొమైన్‌ది పెట్టినా అంతే. డీబగ్ లెవెల్ 2 పెట్టి చూస్తే డేటా పంపాక 250 ఓకే అనే వస్తోంది. ఎస్‌పీఎఫ్ రికార్డ్ (మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) ఉంది, డీకిమ్ (మెయిల్‌కి డొమైన్ తరఫున పెట్టే డిజిటల్ సంతకం) ఇంకా పెట్టలేదు.

సర్వర్ 250 చెప్పాక కూడా బౌన్స్ లేకుండా మెయిల్ ఇలా మాయమవ్వడానికి డీకిమ్ లేకపోవడమే కారణమా, ఇంకేమైనా ఉంటుందా?