డీజిల్ లారీ ఇంజన్ ఆయిల్ ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి? చెరువుల మీద తిరిగే బండికి లెక్క వేరా?

ఆకివీడు బండి:
నమస్తే అండి. మాకు రెండు బండ్లు. ఒకటి పాత బీఎస్-3 (పాత పొగ నిబంధనల కాలంది), ఆరు సిలిండర్లది. మేత లోడ్లకీ, సీజన్‌లో ధాన్యానికీ వేస్తాం. రెండోది బీఎస్-6 (కొత్త పొగ నిబంధనలది), చేపల ట్రేలకే తిరుగుతుంది. రెండూ ఉండి, ఆకివీడు, కైకలూరు, భీమవరం దాటి వెళ్లేది తక్కువ. నెలకి 3 వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. కానీ ఐస్ ఫ్యాక్టరీ లైన్లోనూ, పట్టుబడి (చెరువులో చేపలు పట్టే) రోజు చెరువు గట్టు మీదా ఇంజన్ గంటలకొద్దీ నడుస్తూనే ఉంటుంది.

పాత బండి పుస్తకంలో 18 వేలు అని ఉంది. కొత్తదానికి షోరూములో 80 వేలు అన్నారు. షెడ్డులో మాత్రం దేనికైనా 8 వేలకే మార్చెయ్యమంటున్నారు. డ్రైవరు నల్లబడితే మార్చాలంటాడు, ఆ లెక్కన వారానికోసారి మార్చుకోవాలి. ఎవరి మాట వినాలి? పాత బండికి ఏ గ్రేడు? ఇంకోటి, కొత్త బండిలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి కాస్త పెరుగుతోంది. తాగని ఇంజన్ అని సంతోషించాలా?

తణుకు షెడ్డు:
ముందు ఆ చివరిది. సంతోషించకండి, ఆయిల్ పెరగడం చెడ్డ గుర్తు. దాని సంగతి బీఎస్-6 బండ్లు బాగా తెలిసినవాళ్లు చెప్తారు. నేను పాత బండి లెక్క చెప్తాను.

పుస్తకంలో రాసిన 18 వేలు హైవే మీద లోడుతో సాఫీగా వెళ్లే బండికండి. సగటున గంటకి 40 కి.మీ. వేసుకుంటే అది 450 గంటల పని. మీ బండి నెలకి 3 వేలు తిరగడానికి ఎన్ని గంటలు నడుస్తోందో చూడండి. రోజుకి 9 గంటలు, నెలకి 25 రోజులు అనుకున్నా 225 గంటలు. అంటే రెండు నెలలకే 450 గంటలు అయిపోతాయి, మీటరు మీద మాత్రం 6 వేలే ఉంటుంది. మీ షెడ్డు వాళ్లు 8 వేలు అన్నారంటే ఆయిల్ అమ్ముకోడానికి అన్నమాట కాదది. ఇంకా మొగమాటపడి చెప్పారు.

ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబెట్టి ఇంజన్ ఊరికే నడిపితే, ఇంజన్ తిరుగుతుంది గానీ సరిగా వేడెక్కదు. చల్లగా ఉన్న సిలిండర్లో డీజిల్ పూర్తిగా మండక, రింగుల పక్కనుంచి ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా అక్కడే చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బ్రీదర్ గొట్టంలోంచి పోతుంది. వేడెక్కకపోతే ఆయిల్లోనే ఉండిపోతుంది. మసి సంగతీ అంతే. అంచేత గంటసేపు ఐడిలింగ్‌ని 40 కి.మీ. కింద రాసుకోండి, మీ లాగ్‌బుక్కు సరిపోతుంది.

పాత బండికి అవర్ మీటరు ఒకటి పెట్టించండి. కనెక్షన్ ఆల్టర్నేటర్ చార్జింగ్ లాంపు (డీ-ప్లస్) టెర్మినల్ నుంచి ఇప్పించండి. కీ లైన్లోంచి ఇస్తే పాటలు వింటున్నంతసేపూ గంటలు లెక్కేస్తుంది. గట్టు మీద లైట్ల కోసమే ఇంజన్ ఉంచుతుంటే విడిగా ఒక బ్యాటరీ, రెండు ఎల్ఈడీ లైట్లు పెట్టుకోవడం చవక. సెల్ఫ్ తీసుకోదేమోనని ఆపడం లేదంటే మాత్రం ముందు బ్యాటరీ, ఎర్త్ కేబుల్ చూపించండి.

చెరువుల పని లేక మూలన పడున్నా కూడా ఆయిల్‌ని ఏడాదికి మించి ఉంచొద్దు. మన తేమకి నేనైతే ఆర్నెల్లే అంటాను.

గ్రేడ్ చూసి కొనండి:
షెడ్డు గారు చెప్పింది కరెక్టండి. గ్రేడు, రంగు గురించి నేను చెప్తాను.

డీజిల్ ఇంజన్లో ఆయిల్ నల్లబడటం దాని డ్యూటీ. మసిని పట్టుకుని, ముద్దకట్టనీయకుండా తేల్చి ఉంచే మందు అందులో కలిపే అమ్ముతారు. కొత్త ఆయిల్ పోసిన రెండు మూడు రోజులకే నల్లబడటం మామూలే, నల్లబడిందని మార్చక్కర్లేదు.

చూడాల్సింది మరకని. వేడి ఇంజన్ డిప్‌స్టిక్ నుంచి ఒక్క చుక్క ఫిల్టర్ పేపర్ మీదో, దళసరి బ్లాటింగ్ పేపర్ మీదో వేసి, రాత్రంతా కదపకుండా వదిలెయ్యండి. బూడిదరంగు నడుమ నుంచి అంచుకి సమానంగా పాకితే ఆయిల్ ఇంకా పనిచేస్తోంది. నడుమ కాటుక బొట్టులా చిక్కగా ఆగిపోయి, దాని అంచు గీసినట్టుంటే మసిని మోసే శక్తి అయిపోయింది, ఎన్ని వేలైందని చూడకుండా మార్చెయ్యండి. మరక చుట్టూ లేత పసుపు వలయం నూనెకాగితంలా మెరిస్తే డీజిల్ కలుస్తోందని అర్థం. నీళ్లు ఉన్నాయేమో చూడాలంటే వేడి పెనం మీద ఒక చుక్క వెయ్యండి, చిటపటమంటే ఉన్నట్టే.

పాత బీఎస్-3 బండికి చిక్కదనం 15డబ్ల్యూ-40, నాణ్యత గ్రేడు ఏపీఐ సీఐ-4 ప్లస్ ఉన్నది చాలు (రెండూ డబ్బా మీద రాసి ఉంటాయి). దానికన్నా కొత్త గ్రేడు సీకే-4 పోసినా నష్టం లేదు, డబ్బులే ఎక్కువ. బీఎస్-6కి మాత్రం సీకే-4 లేదా కంపెనీ పుస్తకంలో రాసిన అంతకు సమానమైన తక్కువ బూడిద ఆయిలే పొయ్యాలి. సీకే-4లో సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 1 శాతం దాటకూడదని రూలుంది. పాత రకం ఆయిల్ పోస్తే ఆ బూడిద వెళ్లి డీపీఎఫ్‌లో, అంటే సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్లో కూర్చుంటుంది. మసి అయితే రీజెనరేషన్‌లో (బండి తనే ఆ ఫిల్టర్‌ని బాగా వేడిచేసుకున్నప్పుడు) కాలిపోతుంది. బూడిద కాలదు కాబట్టి డీపీఎఫ్ విప్పి శుభ్రం చేయించడమో, మార్చడమో. రెండు బండ్లకీ ఒకే డబ్బా వాడాలనుకుంటే సీకే-4 రెండింటికీ పోయొచ్చు, సీఐ-4 కొత్తదానికి పోయకూడదు.

5 వేలకే మార్చాలనే పాత అలవాటుకి ఒకప్పుడు అర్థం ఉండేది. డీజిల్‌లో గంధకం బాగా ఉండేది, దాని ఆమ్లం ఆయిల్‌ని తినేసేది. బీఎస్-3 డీజిల్‌లో 350 పీపీఎం (పది లక్షల వంతుల్లో 350), బీఎస్-4లో 50, 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో 10. మీ పాత బండీ ఇప్పుడు తాగుతున్నది ఈ 10 పీపీఎం డీజిలే. అందుకని ఇప్పుడు ఆయిల్‌ని చంపేది ఆమ్లం కన్నా మసి, కలిసే డీజిల్, దుమ్ము.

దుమ్ము అన్నాను కాబట్టి: ఎండాకాలం గట్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ఎంత కొత్తదైనా, ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు వదులైతే అంతా వృథా. గొట్టం లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి మట్టి అంటిందంటే రింగులు అరుగుతున్నట్టే, ఆయిల్ ఎంత తొందరగా మార్చినా ఆ అరుగుదల ఆగదు.

ఆరో గేరు:
బీఎస్-6లో ఆయిల్ పెరగడం గురించి.

డీపీఎఫ్‌లో మసి నిండినప్పుడు దాన్ని కాల్చడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. చాలా ఇంజన్లలో ఆ వేడి కోసం పవర్ స్ట్రోక్ అయ్యాక కూడా కాస్త డీజిల్ సిలిండర్లోకి చిమ్ముతారు. అందులో కొంత గోడలకి అంటి కిందికి జారి చాంబర్‌లో కలుస్తుంది. హైవే మీద రీజెనరేషన్ ఒకసారి మొదలైతే పూర్తవుతుంది, ఆ వేడికి కలిసిన డీజిల్ కూడా చాలావరకు ఆవిరైపోతుంది. ఉండి నుంచి ఆకివీడు వెళ్లి ఇంజన్ ఆపేస్తే మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్, మళ్లీ మొదలు, మళ్లీ చిమ్ముడు. డిప్‌స్టిక్ పెరిగేది ఇలాగే.

మ్యాక్స్ గీత దాటితే ఇంకేం ఆలోచించకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పైపైన కాస్త తీసేసి గీతకి తెస్తే లాభం లేదు. లోపలున్నది పలచబడిన ఆయిలే, ముందు దెబ్బతినేది టర్బో, బేరింగులు. మార్చాక కూడా తొందరగా పెరుగుతోందంటే డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోందేమో చెక్ చేయించండి.

పట్టుబడి లేని రోజు బండిని రావులపాలెం దాకా 16వ నెంబరు హైవే మీద గేరు తగ్గించకుండా నడిపించి తీసుకురండి. లేదా డ్యాష్‌బోర్డులో పార్క్‌డ్ రీజెనరేషన్ స్విచ్ ఉంటే లాంపు వెలగగానే వాడండి. కానీ గడ్డివాము పక్కనా, గట్టు మీద ఎండుగడ్డి మీదా నిలబెట్టి మాత్రం చెయ్యొద్దు. సైలెన్సర్ నుంచి వచ్చే గాలికి గడ్డి అంటుకుంటుంది. సిమెంటు నేల చూసుకోండి.

80 వేలు మీ బండికి కాదు. సర్వీసు పుస్తకంలో తేలిక పని, కష్టమైన పని అని వేరువేరుగా ఉంటాయి, రెండోది చదవండి. కొత్త బండి మీటరులోనే ఇంజన్ గంటలు కనపడతాయి, నోట్ చేసుకోండి. షెడ్డు గారి గంటల లెక్కలో చూస్తే ఆ 80 వేలు కూడా మీకు 26 వేల చుట్టుపక్కలే తేలుతుంది, డీజిల్ కలుస్తోంది కాబట్టి 15 వేలు దాటనివ్వను నేనైతే. వారంటీలో ఉంటే ఆయిల్ బిల్లులు దాచండి.

ఆకివీడు బండి:
థాంక్సండి. పాతదానికి ఈ వారం మారుస్తున్నాం. షెడ్డులో ముందు నాలుగు లీటర్ల డీజిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి కడిగేస్తామంటున్నారు. చేయించనా?

తణుకు షెడ్డు:
వద్దండి. డీజిల్‌తో నడిపిన ఆ ఐదు నిమిషాలూ బేరింగుల మధ్య ఆయిల్ పొర ఉండదు. పైగా మొత్తం డీజిల్ బయటికి రాదు, లోపలి ఆయిల్ దారుల్లోనూ, ఆయిల్ కూలర్లోనూ కొంత మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. గట్టిపడ్డ మడ్డి ఊడి, పంపు ఆయిల్ పీల్చే జాలికి (స్ట్రెయినర్‌కి) అడ్డం పడినా పడొచ్చు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, సమానమైన నేల మీద ఆపి, ఓ పది నిమిషాలాగి డ్రెయిన్ బోల్టు విప్పండి. ధార ఆగాక కూడా చుక్కలు పడుతూ ఉంటాయి, అరగంట వదిలెయ్యండి. తొందరపడితే మసి ఎక్కువున్న అడుగు ఆయిలే లోపల ఉండిపోతుంది. బోల్టు వాషరు కొత్తది వెయ్యండి. మీ వైపు ఉప్పునీళ్లకి ఆ బోల్టు తుప్పుపట్టి తల అరిగిపోతుంటుంది, అరిగితే బోల్టు కూడా మార్చండి.

ఫిల్టర్ ప్రతిసారీ మార్చాల్సిందే. పాత ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్‌కి ఆయిల్ ఆగకూడదని బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకి పోతుంది. ప్రెషర్ మీటరు మీద ఏమీ తెలియదు. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి, రబ్బరు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించండి, పానాతో లాగొద్దు. పాత రబ్బరు దానికే అంటుకుని ఉందేమో చూడండి. రెండు రబ్బర్లు ఉంటే స్టార్ట్ చెయ్యగానే ఆయిలంతా కింద.

తీసిన ఫిల్టర్ పారెయ్యకుండా కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. మసి మామూలే. తళతళలాడే పొడి ఉంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, రింగులో గేర్లో. అంటుకోని రాగిరంగు పొడైతే బుష్షులు, బేరింగులు. అప్పుడు ఆయిల్ గురించి కాదు, ఇంజన్ విప్పడం గురించి ఆలోచించాలి.

ఆరు సిలిండర్లకి ఫిల్టర్‌తో కలిపి సుమారు 15 లీటర్లు పడుతుంది, మీ పుస్తకంలో అంకె చూసి దానికి రెండు లీటర్లు తక్కువ పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యండి. స్టార్ట్ చేశాక ప్రెషర్ వచ్చేదాకా రేస్ ఇవ్వొద్దు, టర్బోకి ఆయిల్ చేరడానికి టైం పడుతుంది. ఐదు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి.

లంక రోడ్డు:
ఒకటి కలుపుతానండి. వరదల్లో కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల నీళ్లలోంచి దాటిన బండికి ఇంజన్ ఆయిల్ ఒక్కటే చూసి వదిలెయ్యకండి. వేడెక్కిన వెనక యాక్సిల్ హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్‌లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. యాక్సిల్ మునిగిందంటే క్రౌన్ (వెనక యాక్సిల్ గేర్ల) ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ రెండూ లెవెల్ బోల్టు విప్పి చూడండి. మజ్జిగలా ఉంటే మార్చండి, హబ్ గ్రీజు కూడా. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇంజన్ మూత కింద మాత్రమే తెల్లటి వెన్నలాంటిది పట్టి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది తేమే, ఐడిలింగ్ తగ్గిస్తే పోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా తెల్లగా ఉండి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే ఆయిల్ కూలరో, హెడ్ గ్యాస్కెట్టో, లైనర్ రబ్బర్లో పోయాయి.

ఆకివీడు బండి:
అర్థమైందండి. తీసిన పాత ఆయిల్ 15 లీటర్లు ఏం చెయ్యాలి? చెరువులో పురుగుకి చల్లుతామని ఇద్దరు అడిగారు.

గ్రేడ్ చూసి కొనండి:
ఇవ్వకండి. అందులో అరిగిన లోహాలు, మసి, మండని డీజిల్ ఉంటాయి. చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి, అక్కడ్నుంచి ఇంకొకరి చెరువులోకి పోతాయి. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకి వస్తుంది, లైసెన్సున్న రీసైక్లర్లే కొనాలి. మూత ఉన్న డబ్బాలో నీళ్లు కలవకుండా దాచి, పెద్ద వర్క్‌షాపు ఏదైనా బల్క్‌గా పంపేటప్పుడు అందులో కలపండి. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాలు మాత్రం మూతకి సీలుతో అలాగే ఇచ్చెయ్యకుండా చిల్లు పొడిచి ఇవ్వండి, వాటిలోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు.