సమస్య: పెంచఁ బెంచ నంకె పెరుగదయ్యె

నిర్వాహకుడు (సిరొంచ): ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ ఒడ్డున బడిచదువు మరాఠీలో సాగినా ఇంటిమాట తెలుగే కనుక, రెండు భాషలవారికీ చెందిన లెక్కను ఈసారి సమస్యగా ఇస్తున్నాను. ఐదంకెలకు మించిన పూర్ణసంఖ్య నొకదానిని తీసుకొని, దాని గుణాన్ని ఆటవెలదిలో చెప్పాలి.

బల్లార్‌షా సభ్యుడు:

నగము శరము కరియు నయనము వేదము
చంద్రుఁ డనఁగఁ బుట్టు సంఖ్య యొకటి
యారు వఱకుఁ బెంచ నంకెలే తిరుగవె
పెంచఁ బెంచ నంకె పెరుగదయ్యె

నిర్వాహకుడు: చక్కని పూరణ. వస్తువుల పేర్లతో అంకెలను సూచించే భూతసంఖ్యలలో నగము ఏడు, శరము ఐదు, కరి ఎనిమిది, నయనము రెండు, వేదము నాలుగు, చంద్రుడు ఒకటి. ‘అంకానాం వామతో గతిః’ అన్న నియమం ప్రకారం కుడినుంచి పేర్చితే 1,42,857 వస్తుంది. దానిని రెండుతో గుణిస్తే 2,85,714, మూడుతో గుణిస్తే 4,28,571, ఆరుతో గుణిస్తే 8,57,142 వచ్చి, అవే ఆరంకెలు చోట్లు మార్చుకుంటాయి. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశ బిందువు తరువాత మళ్లీ మళ్లీ వచ్చేవి ఈ ఆరంకెలే. ఆ భాగహారంలో 1, 3, 2, 6, 4, 5 అనే శేషాలన్నీ ఒక్కొక్కసారి వచ్చి మళ్లీ ఒకటికే చేరుతాయి. రెండును ఏడుతో భాగించడమంటే అదే వలయంలో మూడవ మెట్టునుంచి బయలుదేరడమే. అయితే మూడవ పాదంలోని ‘పెంచ’ నాల్గవ పాదంలో మళ్లీ వచ్చి పునరుక్తి అయింది. ‘ఆరు రెట్ల వఱకు నంకెలే తిరుగవె’ అంటే దోషం తొలగుతుంది.

చంద్రపూర్ సభ్యురాలు: అయ్యా, ఆరు దాటితే ఏమవుతుందో ఆ పద్యం చెప్పలేదు. నా ప్రయత్నం:

ఏడు రెట్లు చేయ నెల్ల తొమ్మిదులయ్యె
నెనిమిదింట ముందు నొకటి నిలిచె
దానిఁ దుదనుఁ గూర్పఁ దన రూపె కాదొకొ
పెంచఁ బెంచ నంకె పెరుగదయ్యె

నిర్వాహకుడు: భావం నాకు మొదటి పూరణకంటె నచ్చింది. ఏడు రెట్లు 9,99,999. ఎనిమిది రెట్లు 11,42,856. ముందు నిలిచిన ఒకటిని తీసి చివర కలిపితే మళ్లీ 1,42,857. సమస్య ఎక్కడ చెల్లదో అక్కడే దానిని చెల్లించారమ్మా! కాని రెండవ పాదంలో ఎకారానికి ఒకారంతో యతి కుదరదు. ‘నెనిమిదింట నొకటి యెదుట నిలిచె’ అని సవరించండి.

బల్లార్‌షా సభ్యుడు: సవరణకు కృతజ్ఞుణ్ణి. నాదొక సందేహం. దేవ్‌లాలీ బడిలో లెక్కలు చెప్పిన కాప్రేకర్ (1905–1986) పేరిట పిలిచే సంఖ్యలలో ఇదీ ఒకటి. దీని వర్గం 20408122449. దానిని 20408, 122449 అని విడగొట్టి కూడితే 142857 వస్తుంది. వర్గాన్ని కూడా ‘పెంచుట’ కింద ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు: తనతో తాను గుణించుకోవడమూ పెంచుటే కనుక ఒప్పుకుంటాను. అయితే వర్గంలో అంకెలు పదకొండుకు పెరిగాయి కాబట్టి, ‘పెరుగదయ్యె’ అన్నది కూడిక తరువాతి మాట అని పద్యంలోనే తెలియాలి. పదకొండంకెలనూ భూతసంఖ్యలలో ఇమిడ్చితే పాదాలు చాలవు, వర్గమని ఊరుకోండి. రేపు సాయంత్రం వరకు గడువున్నది.