బోర్డింగ్ పాస్, బోర్డింగ్ స్కూల్: రెండూ ఒకే బోర్డింగా?

ఈ ప్రశ్న నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. "రెండు చోట్లా పిల్లల్ని ఎక్కించి పంపేయడమే కదా" అన్న జవాబుకు నవ్వాను కానీ, అసలు సంగతి వేరు. మాట ఒకటే, అది నడిచిన దారులు రెండు.

పాత ఇంగ్లీషులో బోర్డు అంటే చెక్క పలక. పలకకు కాళ్ళు పెడితే బల్ల. బల్ల మీద వడ్డించేది తిండి కాబట్టి తిండికీ అదే పేరు వచ్చింది. బోర్డింగ్ స్కూల్లో ఉన్నది ఈ తిండే. తలదాచుకునే చోటు లాడ్జింగ్. బోర్డింగ్, లాడ్జింగ్ జంటగా వినబడేది అందుకే. ఆ బల్ల చుట్టూ కూర్చుని తీర్మానాలు చేసేవాళ్ళూ బోర్డే అయ్యారు. మన పీఠం కూడా ఇలాగే కూర్చునే ఆసనం నుంచి అధికారం దాకా ఎదిగింది. కప్‌బోర్డు సైతం మొదట్లో తలుపుల అలమర కాదు, కప్పులు పెట్టుకునే బల్ల.

బోర్డింగ్ పాస్ సంగతికి వస్తే, అది ఓడల నుంచి విమానాలకు వచ్చిన మాట. బోర్డుకు ఓడ పక్కభాగం అనే అర్థమూ ఉంది. పలక, పక్క అనేవి మొదట రెండు వేర్వేరు మాటలని, తర్వాత కలిసిపోయాయని కొందరు పండితులు అంటారు. తొలిరోజుల్లో ఓడను బోర్డు చేయడమంటే శత్రువు ఓడ పక్కకు చేరి దాడికి దిగడం! ఇప్పుడు వరుసలో నిలబడి ఎక్కుతున్నాం, కొంత నయం.

పనిలో పనిగా స్టార్‌బోర్డు, అంటే ఓడ కుడి పక్క. దీనికి నక్షత్రాలతో సంబంధం లేదు. ఓడను తిప్పే తెడ్డు కుడి పక్కన ఉండేది, ‘స్టీర్’ చేసే పక్క కనుక ఆ పేరు. ఎడమ పక్కను లార్‌బోర్డు అనేవారు. హోరుగాలిలో కేక వేస్తే రెండూ ఒకేలా వినిపించవూ? చివరికి 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డు మానేసి ‘పోర్ట్’ అనమని ఆదేశించింది.

తెలుగులోకి వచ్చిన బోర్డు మాత్రం తిండిని వదిలేసి, ఎక్కువగా అక్షరాలు రాసిన పలకగానూ సభ్యుల మండలిగానూ స్థిరపడింది. జనం డబ్బుతో ఉడాయించిన కంపెనీని ‘బోర్డు తిప్పేసింది’ అంటాం చూడండి, ఆ అర్థం ఇంగ్లీషు నిఘంటువులో దొరకదు. అది మన సొంతం.