ఎస్‌టీఎం32 క్యూబ్ ఐడీఈ: కంపైల్ అవుతోంది, లింక్ దగ్గర "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వస్తోంది

ప్రశ్న:
నమస్తే అండి. ఎస్‌టీఎం32 క్యూబ్ ఐడీఈలో (ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ చిప్‌లకు కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) పని చేస్తున్నాను. పాత ప్రాజెక్ట్ కోసం నేనే రాసుకున్న ఎల్‌సీడీ డ్రైవర్ ఫోల్డర్‌ని (ఒక డాట్ సి, ఒక డాట్ హెచ్, అంతే) కొత్త ప్రాజెక్ట్‌లోకి కాపీ చేశాను. మొదట హెడర్ (డాట్ హెచ్ ఫైల్) దొరకలేదంది, ఇంక్లూడ్ పాత్‌లో ఫోల్డర్ కలిపితే అది పోయింది. ఇప్పుడు బిల్డ్ చివర్లో "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎల్‌సీడీ_ఇనిట్" అని ఆగిపోతోంది. ఫంక్షన్ ఉంది, స్పెల్లింగ్ పదిసార్లు చూశాను, కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే సరిగ్గా అక్కడికే తీసుకెళ్తోంది కూడా. రెండు రోజులైంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఆ ఎర్రర్ ఇచ్చేది కంపైలర్ కాదండి, లింకర్ (కంపైల్ అయిన ఫైళ్లను కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసేది). ఇంక్లూడ్ పాత్ హెడర్ ఎక్కడుందో చెప్పడానికే, డాట్ సి ఫైల్‌కి దానితో పనిలేదు. హెడర్‌లో పేరు కనిపిస్తే చాలు, కంపైలర్ నమ్మేసి ముందుకెళ్తుంది, అసలు కోడ్ వెతకాల్సింది లింకర్. క్లిక్ చేస్తే వెళ్తోందంటే అది ఎడిటర్ ఇండెక్స్ మాత్రమే, బిల్డ్‌తో ముడిపెట్టకండి. ఒకసారి క్లీన్ చేసి బిల్డ్ చేయండి. కన్సోల్‌లో ప్రతి ఫైల్‌కీ ఆర్మ్-నన్-ఈఏబీఐ-జీసీసీ అని మొదలయ్యే పొడుగాటి లైన్ వస్తుంది కదా, వాటిలో మీ డాట్ సి పేరు ఉందా?

అడిగినవారు:
లేదండి! మెయిన్ ఉంది, హాల్ (చిప్ కంపెనీ ఇచ్చే లైబ్రరీ) ఫైళ్లు అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు.

జవాబు 2:
అయితే ఆ ఫోల్డర్ సోర్స్ ఫోల్డర్‌గా నమోదు కాలేదు. ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సి/సి++ జనరల్, పాత్స్ అండ్ సింబల్స్, అందులో సోర్స్ లొకేషన్ ట్యాబ్. అక్కడ యాడ్ ఫోల్డర్ నొక్కి మీ ఫోల్డర్ ఎంచుకోండి, కానీ పైన కాన్ఫిగరేషన్ దగ్గర డీబగ్ (పరీక్షించుకునే బిల్డ్), రిలీజ్ (చివరి బిల్డ్) ఒక్కొక్కటీ ఎంచుకుని రెండిటికీ ఇది చేయండి, లేకపోతే డీబగ్‌లో బాగానే ఉండి రిలీజ్‌కి మార్చిన రోజు మళ్లీ ఇదే ఎర్రర్ చూస్తారు. సరిగ్గా పడితే ఫోల్డర్ బొమ్మ మీద చిన్న సి అక్షరం వస్తుంది. అప్పటికీ కన్సోల్‌లో పేరు రాకపోతే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ బిల్డ్ టిక్ అయి ఉందేమో చూడండి.

అడిగినవారు:
సి అక్షరం వచ్చింది, బిల్డ్ అయింది, చాలా థ్యాంక్స్ అండి! కానీ మీరు చెప్పారని రిలీజ్‌లో కూడా పెట్టి చూస్తే బిల్డ్ అవుతోంది గానీ బోర్డ్ మీద ఒక వైల్ లూప్‌లో ఇరుక్కుపోతోంది. టైమర్ ఇంటరప్ట్‌లో (టైమర్ పిలిచినప్పుడు మధ్యలో నడిచే కోడ్) ఫ్లాగ్ అనే వేరియబుల్‌ని 1 చేస్తాను, అది 1 అయ్యేదాకా అక్కడ ఎదురుచూస్తాను. డీబగ్‌లో ఏ సమస్యా లేదు.

జవాబు 1:
ఆ ఫ్లాగ్‌కి వొలటైల్ (విలువని ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే పదం) పెట్టారా? డీబగ్ మామూలుగా -ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా), రిలీజ్ -ఓఎస్‌తో (కోడ్ సైజు తగ్గించే ఆప్టిమైజేషన్‌తో) బిల్డ్ అవుతాయి. లూప్ లోపల ఆ వేరియబుల్‌ని ఎవరూ మార్చట్లేదని కంపైలర్ ఒక్కసారే చదివి, ఆ విలువతోనే తిరుగుతూ ఉంటుంది. ఆప్టిమైజేషన్ తగ్గించి సరిపెట్టుకోకండి, తప్పు కోడ్‌లోనే ఉంది.

అడిగినవారు:
పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను, రిలీజ్‌లో కూడా నడుస్తోంది.