అప్‌డేట్: బాబు ఫోన్‌లో అశ్లీల వీడియోలు, ఆ తర్వాత మేం చేసింది

మా పదకొండేళ్ల బాబు ఫోన్‌లో అశ్లీల వీడియోలు కనిపించాయి, ఫోన్ లాగేసుకోవాలా లేక వాడితో మాట్లాడాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఫోన్ తీసుకోలేదు. వాళ్ల నాన్న, నేను కూర్చుని నెమ్మదిగా అడిగాం. వాడు వెతికి చూసినవి కావట, ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో పంపారట. చూసి భయపడ్డాడు. చెబితే ఫోన్ పోతుందని దాచాడు. "ఇలాంటివి మళ్లీ వస్తే మాకు చెప్పు, ఫోన్ తీసుకోం" అని మాటిచ్చాం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

ఇక రౌటర్‌లో డీఎన్‌ఎస్‌ని (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిచ్చే సర్వీసు) క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ల 1.1.1.3కి మార్చాం. ఉచితమే. వైఫై వాడే టీవీ, ట్యాబ్ అన్నిట్లోనూ పెద్దల సైట్లను చాలావరకు ఆపుతుంది. కానీ మొబైల్ డేటాకి మారితే రౌటర్ ఫిల్టర్ ఉండదు. అందుకే వాడి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ కూడా సెట్ చేశాం (అక్కడ అంకెలు తీసుకోదు, ఆ సర్వీసు హోస్ట్‌నేమ్, అంటే అక్షరాల్లో ఉండే సర్వర్ పేరు ఇవ్వాలి). వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే సర్వర్ ద్వారా మళ్లించేది) వేస్తే ఇదంతా దాటేయొచ్చు కాబట్టి, పిల్లల ఫోన్‌ని తల్లిదండ్రులు అదుపులో ఉంచే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో కొత్త యాప్‌లకు మా అనుమతి తప్పనిసరి చేశాం.

చాట్‌లో నేరుగా వచ్చే వీడియోని మాత్రం ఈ ఫిల్టర్లు ఆపలేవు. ఆటో డౌన్‌లోడ్ ఆపేశాం, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా సెట్టింగ్ మార్చాం. ఆ గ్రూపులోని మిగతా పిల్లల తల్లిదండ్రులకు కూడా, ఎవరి పేరూ ఎత్తకుండా, విషయం చెప్పాం.