పులివెందుల రాతినార గనుల్లో చేసిన ఆడవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: లింగాల మనవరాలు

మా జేజి వయసులో ఉన్నప్పుడు బ్రాహ్మణపల్లె దగ్గర రాతినార (ఆస్‌బెస్టాస్) గనుల్లో కూలికి పోయేది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతాంది. ఏండ్ల తరబడి పొడి దగ్గు. టీబీ అని ఒకసారి కోర్సు మొత్తం వాడించినాము, తగ్గలేదు. మొన్న కడపలో చూపిస్తే డాక్టరమ్మ "ఏం పని చేసేదానివవ్వా?" అని అడిగింది. "రాళ్లు కొట్టేదాన్ని" అనింది జేజి. అంతకు మించి ఆమె చెప్పలేదు, నాకు తెలీదు. ఇంట్లో కాగితం ముక్క లేదు.

సింగరేణి గురించి అడిగితే ఎంతైనా దొరుకుతుంది. మన గనుల గురించి వెతికితే నాలుగు వాక్యాలు కూడా దొరకలేదు. అక్కడ ఆడవాళ్లు ఏం పని చేసేవాళ్లు? ఎందుకు మూసినారు? డాక్టరమ్మకు రాసి ఇయ్యాల, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: వేంపల్లె సైన్సు అయ్యవారు

మన జిల్లాలో బొగ్గు లేదు గానీ వేంపల్లె డోలమైట్ అనే ఒక రకం సున్నపురాయి ఉంది. కోట్ల ఏండ్ల కిందట దాని మధ్యలోకి కరిగిన రాయి దూరి గట్టిపడింది. రెండూ తగిలిన చోట సున్నపురాయి రూపం మారి, అందులో నార పొరలు పుట్టినాయి. ఇదే క్రైసోటైల్, తెల్ల ఆస్‌బెస్టాస్. దత్తమండలాల (రాయలసీమ) ముగ్గురాయి (బెరైటీస్) మీద, రాతినార మీద భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన కూల్సన్ 1930ల్లోనే రిపోర్టులు రాసినాడు. తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ వేంపల్లె రాయిలోదే. పని ఎట్లా జరిగేదో లోపలికి దిగినోళ్లు చెప్పాల.

జవాబు: పాత మేట్

అమ్మా, "రాళ్లు కొట్టేదాన్ని" అనిందంటే మీ జేజి పై షెడ్డులో చేసింటాది. నేను ఆ చుట్టుపక్కల ఒక చిన్న గనిలో మేట్‌గా, అంటే కూలీల పని చూసేవాడిగా చేసినా. మా అమ్మ అదే గని పైన షెడ్డులో ఉండేది. కాబట్టి రెండు పక్కలా చెప్పగలను.

గని అంటే సింగరేణి మాదిరి పెద్ద బావులు, లిఫ్టులు అనుకోవద్దు. గుట్ట పక్కన ఏటవాలు సొరంగం. నార పొర యాడికి పోతే మేమూ ఆడికే. పొర చూస్తే పలచన, దానికోసం పైనా కిందా పనికిరాని రాయంతా కొట్టాల. చాలా చోట్ల నడుము ఎత్తే దానికి లేదు. తూట్లు వేసి, మందు పెట్టి పేల్చి, పొగ పోయినాక రాయి బయటికి తోసేది. అది మొగోళ్ల పని. 1952 గనుల చట్టం ప్రకారం అప్పట్లో ఆడవాళ్లను భూమి లోపలికి దించకూడదు. ఆడవాళ్లు పైన నీడలో కూర్చుంటారు, వాళ్లకేం కష్టం అనేటోళ్లు ఊర్లో. ఈ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. లోపల రాయి తడిగా అయినా ఉంటాది. పైన అంతా పొడి.

మా అమ్మ చేసిన పని చెప్తా, రాసుకోండి. రాయిలో ఉన్నప్పుడు నార లేత పచ్చగా నిగనిగలాడతా ఉంటాది. ముందర చిన్న సుత్తితో అంచు మీద కొట్టి అంటుకున్న రాయిని ఒలిచెయ్యాల. గట్టిగా కొడితే నార తెగిపోతాది, పొడుగు తగ్గితే ధర తగ్గుతాది. ఒలిచిన ముక్కను వేళ్లతో నలిపితే దూది మాదిరి విచ్చుకుంటాది. పొడుగు నార ఒక కుప్ప. అది తాళ్లకు, గుడ్డకు, బాయిలర్ల ప్యాకింగుకు. పొట్టి నార ఇంకో కుప్ప, అది సిమెంటు రేకులకు. మిగిలిన రాతి పొడిని జల్లెడ పట్టి, చాటల్లో చెరిగి, అందులో ఉన్న కాస్త నారను కూడా తీసేవాళ్లు. చెరిగేటప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి మొగం మసగ్గా కనపడేది. కొంగు ముక్కుకు కట్టుకునేవాళ్లు. కంటికి కనపడే పోగు కన్నా కనపడని పోగే ఎక్కువ హాని, దానికి చీర కొంగు ఏం అడ్డం?

కూలి మూట లెక్కన. సాయంత్రానికి మూట నిండకపోతే బడి నుంచి వచ్చిన పిల్లోళ్లు కూడా పక్కన కూర్చునేవాళ్లు. ఖాళీ గోతాలు ఇంటికి తెచ్చుకునేది. మా ఇంట్లో శెనక్కాయల కుప్ప మీద కప్పింది అవే, చలికాలం మేము పండుకునింది వాటి మీదే. అమ్మ వచ్చినాక చీర దులిపేది మా చెల్లెలు. చెల్లెలు గని గడప తొక్కలేదు. అయినా ఇప్పుడు దగ్గుతాంది. అందుకే మీ నాయన, అత్తలు ఎవరైనా ఆయాసపడతా ఉంటే వాళ్లను గూడా చూపించండి.

కాగితం ఎందుకు లేదని అడిగినావు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, మొగోళ్ల పేర్లు ఉండేవి. షెడ్డు ఆడవాళ్లది కంట్రాక్టరు జేబు పుస్తకం. అందులో కూడా సొంత పేరు అరుదు, "ఫలానా ఆయన పెండ్లాం, రెండు మూటలు" అంతే. కంట్రాక్టరు మారితే పుస్తకం మారేది. బొగ్గు గని కార్మికుడికి 1948 చట్టం కింద ప్రావిడెంటు ఫండు నంబరన్నా ఉంటాది. మా అమ్మ పదేండ్లకు పైన చేసింది. చేసినట్టు చూపేదానికి అరచేతిలో కాయలు తప్ప ఏమీ లేకపోయె.

మూసింది ఎందుకంటే, 1986లో ప్రభుత్వం రాతినారకు కొత్త లీజులు ఆపేసింది. 1993 నుంచి పాత లీజుల రెన్యువలూ ఆపింది. ఆరోగ్యానికి చేటు అని ఆపినారు, అది సరైన పనే. కానీ చేటు అని తెలిసి ఆపినప్పుడు, అంతవరకూ దాన్ని పీల్చినోళ్లను పిలిచి ఎక్స్‌రే తీసి పంపాల గదా! మా షెడ్డుకు ఎవరూ రాలేదు. ఈ నారతో వచ్చే జబ్బు, దాన్ని పీల్చిన పది, ఇరవై, ముప్పై ఏండ్లకు బయటపడతాది. అప్పటికి గనీ ఉండదు, యజమానీ ఉండడు. రేకుల ఫ్యాక్టరీలు మాత్రం బయటి దేశాల నార తెప్పించుకుని నడుస్తానే ఉండాయి.

డాక్టరమ్మకు "రాళ్లు కొట్టింది" అని రాయొద్దు. "రాతినార ఒలిచింది, జల్లెడ పట్టింది, చెరిగింది" అని రాయండి, ఎన్నేండ్లు, ఏ వయసు నుంచి అనేది కూడా. మామూలు రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ వేరు, ఈ నార పీల్చితే వచ్చే ఆస్‌బెస్టోసిస్ వేరు. రెంటినీ టీబీ అనుకోవడం మన దగ్గర చాలా మామూలు. జేజికి చుట్ట అలవాటుంటే ఈ రోజే మాన్పించండి, నారకు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతాది.

జవాబు: కడప కోర్టు గుమాస్తా

మేట్ గారు చెప్పిన దానికి చట్టం సంగతి కలుపుతాను. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో పెద్ద తీర్పు ఇచ్చింది. అహ్మదాబాదులోని వినియోగదారుల సంస్థ వేసిన కేసు అది. పనివాడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం అనింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరినప్పటినుంచి కనీసం 40 ఏండ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏండ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని చెప్పింది. జబ్బు తేలిన వాళ్లకు లక్ష రూపాయల పరిహారం అనింది. రికార్డే పుట్టని చోట ఏం దాస్తారు అనేది మేట్ గారి బాధ, అది న్యాయమైన బాధ.

అయినా దారి మూసుకుపోలేదు. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూలులో ఆస్‌బెస్టోసిస్ వృత్తి జబ్బుగా ఉండేది; 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూలులోనూ ఉంది. కూలిని కంట్రాక్టరు పెట్టుకున్నా అసలు యజమానిది బాధ్యత. దరఖాస్తుకు రెండేండ్ల గడువు, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. ఏ సర్వే నంబరులో ఎవరికి ఏ సంవత్సరం లీజు ఉండేదో జిల్లా గనుల శాఖను సమాచార హక్కు కింద అడగండి. జేజి పేరు వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు, యజమాని పేరు ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఖర్చుకు భయపడొద్దు. అన్నిటికన్నా ముందు జబ్బు పేరు కాగితం మీద పడాల. ఎక్స్‌రేతో ఆగకుండా సీటీ స్కాను, ఊపిరి ఊదే పరీక్ష రాయమనండి.

లింగాల మనవరాలు

నిన్న రాత్రి జేజికి ఇదంతా చదివి వినిపించినా. "పొట్టి నార కుప్ప నాదే, చెరగడంలో నా చెయ్యి తిరిగిందని చాట నాకే ఇచ్చేవాళ్లు" అనింది. పెద్దోడు, అంటే మా నాయన, కడుపులో ఉన్నప్పుడు కూడా పోయిందంట. తనతో కూర్చున్నోళ్లలో ముగ్గురు ఇంకా ఉండారంట, ఒకామె వేములలో, ఇద్దరు మా పక్క ఊర్లోనే. స్కానుకు సోమవారం పోతాండాము.

పాత మేట్

ఆ ముగ్గురినీ సోమవారం మీతోనే తీసకపోమ్మా. ఆటో ఖర్చు నేను పెట్టుకుంటా. పోయే ముందర నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి విడివిడిగా రాయించు: ఏ గని, ఏ కంట్రాక్టరు, షెడ్డులో ఎవరి పక్కన ఎవరు కూర్చునేది, పండగ ముందు కూలి ఎవరి చేతుల మీదుగా ఇచ్చినారు. వేలిముద్రలు పెట్టించి తేదీ వెయ్యి. మస్టరు లేని చోట ఒకరికొకరు వీళ్లే సాక్షులు. మా అమ్మ షెడ్డులో చేసినోళ్లలో మిగిలినోళ్ల పేర్లు నేనూ రాసి పంపుతా, గుమాస్తా గారు చూసి దరఖాస్తులో ఎట్లా పెట్టాలో చెప్తారు.